శిల్పి అన్న మీద నేను రాసిన అర్జీ

ఆళ్లగడ్డలో మా ఇంటి పక్కన ఒక శిల్పి షెడ్డు ఉండేది. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఉదయం బడికి బయల్దేరే వేళకే ఆయన రాతి ముందు కూర్చుని ఉండేవాడు. ఉలి చప్పుడు ఉన్నన్నాళ్లూ మాకు ఇబ్బంది లేదు. తర్వాత కరెంటు కోత మిషను వచ్చింది. అది తిరిగినంతసేపూ తెల్లటి దుమ్ము లేచి మా అరుగు మీద, ఆరేసిన బట్టల మీద పడేది. వేలితో గీస్తే గీత కనబడేది.

మా నాయనకు ఆయాసం. ఒక ఉదయం దగ్గి దగ్గి మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. పక్కన మిషను ఆగకుండా అరుస్తోంది. నేను గోడ దగ్గరికి పోయి కేకేశాను.

"అన్నా, కాసేపు ఆపు! మా నాయనకు ఊపిరి ఆడల్యా."

ఆయన మిషను ఆపి, ముఖానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగాడు. "నేనూ దాన్నే పీలుస్తాండా గదమ్మా. పని చేయకుంటే ఎట్లా?"

ఆ మాట నాకు పొగరుగా వినబడింది. ఆ వారమే వీధి పెద్దలకు అర్జీ రాశాను, షెడ్డు వీధిలోంచి తీసేయాలని. సైన్సు టీచరు రాసిందని వీధిలోవాళ్లు చాలామంది చదవకుండానే సంతకాలు పెట్టారు.

ఆ వానాకాలంలోనే గాలి మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి మా బడికి వచ్చింది. పెద్ద నగరాల గాలిని కొలుస్తారు గానీ ఇలాంటి ఊళ్ల గాలిని పట్టించుకునేవాళ్లు తక్కువని, ఏడాదిపాటు పరికరం పెట్టుకోను ఒక మేడ కావాలని అడిగింది. నేను వెంటనే మా మేడ ఇస్తానన్నాను. నా అర్జీకి రుజువు దొరుకుతుందని ఆశ.

ఆ పరికరం గాలిని పీల్చి, అందులోని అతి సన్నని ధూళిని మాత్రమే ఒక గుండ్రటి తెల్ల కాగితం మీద పట్టేది. రోజూ ఉదయం పట్టకారుతో పాత కాగితం తీసి, కొత్తది పెట్టి, తీసినదాన్ని అల్యూమినియం రేకులో చుట్టి ఫ్రీజరులో దాచడం నా పని.

"గాలిని ఫ్రిజ్జులో పెడ్తాండావేందమ్మా, చెడిపోతాదనా?" అనేవాడు నాయన. ఊపిరి బాగున్న రోజుల్లో ఆయనకు నవ్వు తొందరగా వచ్చేది.

దసరా దాటాక అన్న షెడ్డు ఎత్తేశాడు. వీధి పెద్దలు రెండుసార్లు పోయి మాట్లాడారు. మూడోసారి వాళ్లు పోకముందే ఆయన నంద్యాల రోడ్డు మీద జాగా చూసుకున్నాడు. సగం చెక్కిన నందిని ట్రాక్టరు మీదికి ఎక్కించాక మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పోతాండా టీచరమ్మా. మీ నాయన్ను బాగా చూసుకో."

నేను వంటింట్లోంచే "సరే అన్నా" అన్నాను. బయటికి రాలేదు.

ఇక కాగితాలు తెల్లగా వస్తాయనుకున్నాను. అరుగు మాత్రం శుభ్రపడింది. కాగితాలు బూడిద రంగుకు తిరిగాయి, కార్తీకం దాటేసరికి నల్లబడ్డాయి. అప్పటికి కాలువ కింద వరి కోతలు అయిపోయాయి. వరికోత మిషను కోసిన పొలాల్లో కొయ్యకాళ్లు మిగిలితే అందరూ నిప్పు పెట్టారు. మా నాయన కూడా మా మడికి తన చేత్తోనే అంటించి, ఒళ్లంతా పొగ వాసనతో ఇంటికొచ్చాడు. నాలుగు రోజులకు ఆయాసం ముదిరింది. నంద్యాల ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని కూడా నేను రాతి దుమ్మునే తిట్టుకున్నాను, పాత దుమ్మంతా రొమ్ములో పేరుకుపోయిందని.

ఎండాకాలంలో పరిశోధన చేసే అమ్మాయి ఫలితాలు తెచ్చింది. మా వసారాలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

"షెడ్డు ఉన్నప్పుడు ఎంత రాతి దుమ్ము ఉంది?" అని అడిగాను.

"ఈ కాగితాల మీద చాలా తక్కువ మేడమ్. కంటికి కనిపించే రాతి దుమ్ము బరువు, దగ్గర్లోనే రాలిపోతుంది. దాంట్లో సన్నటిది ఎక్కువగా పోయేది చెక్కేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి. మీ మేడ మీద చలికాలంలో పట్టింది పొలాల మసి, పొయ్యిల మసి. ఇంకా చాలా భాగం ఎవరూ వదిలిన ధూళి కాదు, గాలిలోనే పుట్టింది."

"గాలిలో పుట్టడమేంది?"

"యూరియా నుంచి, పేడ దిబ్బల నుంచి అమ్మోనియా లేస్తుంది. లారీల పొగలో, చిమ్నీల పొగలో ఉండే వాయువులు గాలిలో ఆమ్లాలుగా మారతాయి. రెండూ కలిస్తే సన్నటి ఉప్పు రేణువులు తయారవుతాయి. చలి ఉదయాల్లో అవి అలాగే నిలిచిపోతాయి."

అమ్మోనియా సీసా మూతి దగ్గర ఆమ్లం సీసా పెట్టి తెల్లటి పొగ పుట్టించడం ఏటా పిల్లలకు నేనే చూపిస్తాను. రెండు సీసాల్లోనూ పొగ ఉండదు, కలిసిన చోట ఉంటుంది. పరీక్షలో వస్తుందని కూడా చెప్తాను.

మంచం మీద నుంచి నాయన వింటున్నాడు. ఆ అమ్మాయి పోయాక నెమ్మదిగా అడిగాడు.

"అయితే నేను పెట్టిన మంటే నన్ను ఆసుపత్రికి పంపిందంటావా?"

"నీదొక్కటే కాదు నాయనా. అందరిదీ."

"షెడ్డు ఆయప్పను మాత్రం ఒక్కణ్ణే పంపించినాం గదా," అన్నాడు.

మరునాడే నంద్యాల రోడ్డు మీది షెడ్డుకు పోయాను. అన్న బాగా చిక్కిపోయాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆయన ఉలి పక్కన పెట్టాడు.

"నీ అరుగు మీద దుమ్ము పడిండేది నిజమే గదా. దానికి కోపం వస్తే రానీ," అన్నాడు. "కానీ మీ నాయన్ను నేను చంపుతాండానని రాసినావంట. అది చదివి నా భార్య మూడు రోజులు అన్నం తినల్యా."

అది నిజమే. అర్జీలో ఆ వాక్యం ఉంది. నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు.

మాట్లాడుతున్నంతసేపూ పొడి దగ్గు ఆయన్ను వదలలేదు. రొమ్ముకు ఎక్స్‌రే తీయించుకోమని బతిమాలితే వారం తర్వాత ఒప్పుకున్నాడు. ఇద్దరం బస్సులో నంద్యాల పోయాం. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, ఊపిరితిత్తుల మీద చుక్కలు చూపించాడు. రాయి పొడి చేరి గట్టిపడిందని, పోయేది కాదని, ఇక ముదరకుండా చూసుకోవాలని చెప్పాడు. అన్న అడిగింది ఒకటే.

"చెయ్యి ఆడినన్నాళ్లు చెక్కొచ్చా?"

పొడి రాయి కొయ్యొద్దన్నాడు డాక్టరు. ఇప్పుడు ఆయన షెడ్డులో కోత మిషను పక్కన నీళ్ల పైపు ఉంది, రాయి తడుస్తూనే తెగుతుంది. ముఖానికి తువ్వాలు బదులు సరైన మాస్కు కట్టుకుంటాడు. నాలుగడుగులు వేస్తే ఆగుతాడు.

మా నాయన ఆ ఏడాది కొయ్యకాళ్లను నీళ్లు పెట్టి దున్నించాడు. పక్క పొలాలవాళ్లు మాత్రం కాల్చారు, ఆ పొగ మా ఇంటికి వచ్చింది. సంతకాలు పెట్టినవాళ్ల ఇంటింటికీ తిరిగి నిజం చెప్పాను. కొందరు విన్నారు, కొందరు తలుపు దగ్గరే "సరేలేమ్మా" అనేశారు. వీధికి తిరిగి రమ్మని ఇద్దరం ముగ్గురం కలిసి అన్నను అడిగాం.

"ఈడ నీళ్లు బాగుండాయి," అన్నాడు. "రాను."