వేళ్ల గుర్తులున్న ఇటుక

నేను పాత గుళ్ల వెంట తిరిగేది పెళ్లి తప్పించుకోవడానికేనని మా ఇంట్లో అందరి నమ్మకం. "బుద్ధుని లెక్క నువ్వు గూడ ఇల్లిడిసి పోతవా ఏంది?" అని అక్క ఎగతాళి చేస్తుంది.

నిన్న మా ఊరి దగ్గర, జనగామ శివారులోని పాత బౌద్ధాలయానికి వెళ్లాను. గోడలు మోకాలెత్తు కూడా లేవు. ఒక ఇటుక మీద, తడిమట్టిగా ఉన్నప్పుడు ఎవరో లాగిన మూడు వేళ్ల గీతలు కనిపించాయి. నా వేళ్లు వాటంతటవే ఆ గీతల్లోకి వెళ్లాయి.

మీకూ గుర్తుందా, మన చిన్నప్పుడు స్నానం చేసే బండ పక్కన మడమలు రుద్దుకోవడానికి ఒక ఇటుక ఉండేది? మా అవ్వ వాడే ఇటుక మూరెడు పొడవు. దాని మీదా ఇవే మూడు గీతలు, వాటిలో ఎప్పుడూ కుంకుడు నురగ. "గుడి ఇటుక అరగదు బిడ్డా" అనేది అవ్వ. పొయ్యిలకు, గడపలకు మా ఊరంతా ఆ గుడి నుంచే ఇటుకలు తెచ్చుకున్నారు. ఆ గోడలను మోకాళ్ల దాకా దించింది మేమేనని నిన్నటిదాకా నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి ఆ ఇటుక ఏదని బాపును అడిగాను.

"బాత్రూం కట్టినప్పుడు పలగ్గొట్టి కింద పోసినం. సగం ముక్క బర్రెల కొట్టంల ఉండొచ్చు. ఇటుకకు గింత పరేషానేంది? ఆదివారం నిన్ను చూసెతందుకు పిల్లగానోళ్లు వస్తున్నరు, జర మంచిగుండు."

ముక్క దొరికింది. ఒక్క వేలి గీతే మిగిలింది. దాన్ని తిరిగిచ్చినంత మాత్రాన ఆ గుడి లేవదని నాకు తెలుసు.

ఆదివారం దాన్ని తీసుకెళ్లి గుడి కాపలా ఆయనకు అప్పగిస్తాను. పెళ్లిచూపులకు ఇంట్లో ఉండను.