నిరంజన్‌ది ఐదేళ్ల తర్వాతి లెక్క

నెల్లికుదురు సొసైటీ గుమాస్తా నిరంజన్‌కు ఏ వస్తువుకూ ఇవాళ్టి ధర తెలియదు. ఐదేళ్ల తర్వాతి ధరే తెలుసు. ఓసారి బర్రెదూడను తోలుకొచ్చి "పాడిబర్రెను తెచ్చిన" అని ఊరంతా చెప్పుకున్నాడు. మర్నాడే పొరుగింటి రాజమణి పాలకని చెంబు పట్టుకుని వచ్చింది. ఆమెకు సమాధానం చెప్పేసరికి భార్య కమలాదేవికి తలప్రాణం తోకకొచ్చింది.

అలాంటి మనిషి ఉన్న ఊరికి ఇందిరా వికాస్ పత్రాలు వచ్చాయి. పోస్టాఫీసులో ఐదు వందలు కడితే కాగితం ఇస్తారు. మధ్యలో వడ్డీ అంటూ ఏమీ రాదు, ఐదేళ్లు నిండాక వెయ్యి చేతిలో పెడతారు. దాని మీద పేరూ ఊరూ ఉండవు, ఎవరి దగ్గరుంటే వాళ్లదే. నిరంజన్‌కు ఇక పట్టపగ్గాలు లేవు. తొట్టెల పండుగకు పత్రం, పెళ్లికి పత్రం.

"బట్టలు పెట్టరాదయ్యా, నల్గురు నవ్వుతున్నరు" అని కమలాదేవి మొత్తుకునేది.

"చీరె ఐదేండ్లకు మసిగుడ్డ అయితది. గిది రెండింతలైతది" అనేవాడు.

ఆమె అన్న కుమారస్వామి నర్సింహులపేటలో చిన్నకూతురు సుమిత్ర పెళ్లి పెట్టుకున్నాడు. కుట్టుపని నేర్చిన సుమిత్రకు సొంత మిషన్ కొనుక్కోవాలని ఒక్కటే ఆశ. "చదివింపుల కట్నాలొస్తయి గద, అండ్లకెల్లి కొందాం బిడ్డా" అని తండ్రి మాటిచ్చాడు.

చదివింపుల దగ్గర మైకు కుమారస్వామిదే. నిరంజన్ పత్రం తీసిచ్చాడు.

"వెయ్యి అని చదువు బావా."

"నువ్వు పెట్టింది ఐదొందలే గద?"

"ఐదేండ్లకు వెయ్యి."

"అయితే బువ్వ గూడ ఐదేండ్లకే తిందువుగని!"

పందిరంతా గొల్లున నవ్వింది. చిట్టాలో ఐదు వందలే పడింది. పుట్టింటివాళ్ల ముందు తల కొట్టేసినట్టయి, కమలాదేవి రోజంతా మొగుడి వైపు చూడలేదు.

సాయంత్రం టెంటు సాయిలు వచ్చి కూర్చున్నాడు. వెనకే వంటవాళ్లు, బ్యాండువాళ్లు. చదివింపుల నోట్లన్నీ వాళ్లకే అయిపోయాయి, మిషన్ ఊసే లేదు. ఇంకా తక్కువ పడితే కుమారస్వామి, నిరంజన్ ఇచ్చిన పత్రం కూడా సాయిలు చేతిలో పెట్టాడు.

సాయిలు తిప్పితిప్పి చూశాడు. "గిది పట్టుకుంటే నాకు పైసలెప్పుడొస్తయి? అప్పటిదాక టెంటు ఈడ్నే ఉండాల్నా? నాకొద్దన్నా."

ఎవరూ తీసుకోని ఆ కాగితాన్ని చివరికి పెళ్లికూతురి చేతిలో పెట్టారు. సుమిత్ర దాన్ని కొంగున ముడేసుకుని నవ్వింది.

"మిషన్ పాయె గద బిడ్డా, ఏంది నవ్వుతున్నవ్?" అంది కమలాదేవి.

"యాడ పాయె అత్తా? అక్క పెండ్లిల పైసలు గూడ గిట్లనే టెంటుకు పోయినై. గందుకే మామ ముందుగాల్నే చెప్పిండు. 'నోట్లిస్తే నీ దాక రావు బిడ్డా, ఎవ్వరికి అక్కెరకు రానిదిస్త, నీకే మిగుల్తది' అన్నడు. ఐదేండ్లకైనా మిషన్ నాదే."

ఇన్నాళ్లూ నలుగురిలో నవ్వులపాలవుతూ కూడా భార్యకు ఒక్క ముక్క చెప్పని మనిషి మీద కమలాదేవికి కోపం రావాలి. కానీ గర్వంతో గుండె నిండిపోయింది. సరాసరి వెళ్లి, సాయిలు మనుషులు విప్పబోతున్న మైకు లాక్కుంది.

"అన్నా, మా ఆయన పెట్టింది వెయ్యి. సరిగ్గ రాయి!"

నర్సింహులపేట అంతా వినపడింది. వంటల దగ్గర మజ్జిగ తాగుతున్న నిరంజన్‌కు పొలమారింది.