అనుమానం కలిపిన అన్నం

ఎనభైల చివర్లో ఒక శీతకాలపు ఉదయం, ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో నేనూ నా భార్యా ఆలస్యమైన రైలు కోసం కూర్చున్నాం. ఆమెకు మూడో నెల. వేవిళ్లతో వారంగా కడుపులో మెతుకు నిలవడం లేదు. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

పక్కన కూర్చున్న పెద్దావిడ టిఫిన్ డబ్బా మూత తీసింది. లోపల అన్నం, పక్కన ఎర్రగా, పసుప్పచ్చగా, ఊదాగా కూరలు.

"ఎర్రతోటకూర మా పక్కింటి బెంగాలీ దీదీ నేర్పినాది. గుమ్మడికాయ పప్పు ఒరియావోల్లది. బీట్‌రూట్‌కి మన పోపే. నోటికి కొత్తగుంటాది, తినమ్మా," అంది.

అపరిచితులు ఇచ్చినవి తినరాదని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. ఈవిడేమో నాలుగో భాషలో, మన భాషలో పెడుతోంది! మా మాటలు విని మనవాళ్లలా నమ్మిస్తోందేమోనని నా అనుమానం ఇంకా పెరిగింది. డబ్బాలో అన్ని రంగులుంటే నా ముఖం మాత్రం తెల్లబోయింది.

"వద్దండీ, మేం తినేసే వచ్చాం," అన్నాను. నా భార్య అప్పటికే రెండో ముద్ద మింగుతోంది.

తిన్నాక నా భుజం మీద వాలి నిద్రపోయింది. మత్తుమందే అనుకున్నాను. పెట్టెను కాళ్ల మధ్యకు లాక్కుని, ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"ఏటి బాబూ, ఊపిరి సూస్తన్నావా? కడుపు నిండితే ఎవులికైనా నిద్దరొస్తాది," అని పెద్దావిడ నవ్వింది.

కాసేపటికి నా భార్య కళ్లు తెరిచింది. "ఇంకా ఉన్నాదా, పిన్నీ?"

"మీ ఆయన వాటా ఉంచినాను. ఆయన తినేసే వొచ్చినాడంట కదా!"

అదీ తినేసింది. అదీ కడుపులో నిలిచింది. రైలొచ్చేదాకా నేను కడుపు నిండిన మనిషిలా కూర్చున్నాను.