కార్బన్‌కు నాలుగో చెయ్యి

మొన్నొక మధ్యాహ్నం మా అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే ఇంటర్ చదివే అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, అందులో గిరగిర తిరుగుతున్న బెంజీన్ బొమ్మ చూపించి, లోపల ఈ చుక్కల వలయం ఎందుకు వచ్చిందని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల వేలితో ఓసారి తాకితే ఒంటి బంధాలు, ద్విబంధాలు విడివిడిగా కనిపించాయి, మరోసారి తాకితే మళ్ళీ వలయమైపోయాయి. థాంక్స్ చెప్పి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయింది. ఆ రోజుకి నేను మనిషితో మాట్లాడింది అంతే. తలుపు వేసి కూర్చున్నాక, ఒక్క ద్విబంధాన్ని తెర మీదికి తేవడానికి నేను పడిన పాట్లు, అంతకన్నా ముందు చేసిన తప్పు జ్ఞాపకం వచ్చాయి.

నాకు చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వచ్చిన నాటికి ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాది చీరాల. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నేనే దాటవేస్తూ వచ్చాను కనుక ఒక డాబా మీద ఒంటి గది తీసుకుని ఉండేదాన్ని. మిర్చి కోతలప్పుడు కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. కాలేజీలో ఆడవాళ్ళం ఇద్దరమే, రెండో ఆవిడ పాఠం అయిపోగానే గుంటూరు బస్సు ఎక్కేసేది. అలాంటి రోజుల్లో నాతో రోజంతా మాట్లాడే మనిషి మా ల్యాబ్ అసిస్టెంటు గారు ఒక్కరే. యాభై దాటిన మనిషి, చర్చిలో పెద్ద, చదివింది పదో తరగతి. మొదటి ఏడాది తిరక్కుండానే ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం అలవాటైపోయింది. పొద్దున్నే బ్యూరెట్లు కడుగుతూ వాన సంగతి, చర్చిలో పిల్లలు వేసే నాటకం సంగతి, బి.ఇడి. చదువుతున్న తన కూతురి సంగతి చెబుతుండేవారు. వాళ్ళావిడ చేసిన గోంగూర పచ్చడి వారానికోసారైనా నా టిఫిన్ డబ్బాలోకి వచ్చేది.

మా ల్యాబ్‌లో అణువుల నమూనాలు కొనే స్తోమత లేకపోతే ఆయనే చేసేవారు. బంకమట్టి ఉండలు చేసి, ఎండబెట్టి, కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు తెలుపు రంగు వేసి, కొబ్బరి ఈనెలు గుచ్చేవారు. ద్విబంధమైతే రెండు ఈనెలు వంచి పక్కపక్కన గుచ్చేవారు. కార్బన్‌కు నాలుగు చేతులుంటాయి, ఒక్కటి తక్కువైనా బొమ్మ తప్పే అని నేనెప్పుడో పాఠంలో చెప్పిన మాట పట్టుకుని, ప్రతి నల్ల ఉండకూ ఈనెలు లెక్కపెట్టిగాని బీరువాలో పెట్టేవారు కాదు.

అప్పుడు కంప్యూటర్ వచ్చింది. కాలేజీ సెక్రటరీ గారిని ఏడాది పాటు బతిమాలితే కొన్నారు. యూనివర్సిటీలో నాతో చదువుకున్న స్నేహితురాలు అణువులను చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి, కొన్ని ఫైళ్ళు ఫ్లాపీలో వేసి ఇచ్చింది. అందులో మిరపకాయకు కారాన్నిచ్చే అణువు కూడా ఉంది. మా పిల్లల్లో సగానికి పైగా మిర్చి చేలలోంచి వచ్చినవాళ్ళే కనుక మొదట దాన్నే చూపించాలనుకున్నాను. చూపించిన రోజు సెక్రటరీ గారు, ప్రిన్సిపాల్ గారు వెనక నిలబడ్డారు. తెర మీద ఆ అణువు తిరుగుతుంటే పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు, నాకూ గర్వంగానే ఉంది. అంతలో బాబాయిగారు ముందుకు వచ్చి, అణువు తోకలా సాగిన భాగంలో ఒకచోట వేలు పెట్టారు.

"మేడమ్‌గారూ, ఈ కార్బన్‌కి చేతులు మూడే ఉన్నాయండి. నాలుగోది ఎటుపోయిందండి?"

నేను సరిగా చూడను కూడా లేదు. వెనకున్న పెద్దల మొహాలే కనిపించాయి.

"మీకు తెలియని వాటిల్లో మాట్లాడకండి. ఇది కంప్యూటర్ గీసింది, మీ పుల్లల బొమ్మ కాదు."

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన సరేనండి అని వెనక్కి జరిగారు. మర్నాటికి బీరువాలో మట్టి బొమ్మలు లేవు, గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టేశారు. పనిలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. ద్రావణాలు వేళకు తయారుగా ఉండేవి, బ్యూరెట్లు మెరిసేవి. మాటలే ఆగిపోయాయి. ఏమడిగినా అలాగేనండి అన్న ఒక్క మాటే. శనివారం సాయంత్రం గదికి వెళితే సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు, సోమవారం వచ్చినా పాఠం చెప్పడం తప్ప అంతే. ఒంటరిగా ఉంటున్నానని నాకు నిజంగా తెలిసింది ఆ నెలల్లోనే.

ఆ చేతుల లెక్క తేల్చుకోవాలన్న పట్టుదలతోనే కాబోలు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సూచనలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. అప్పుడు తెలిసింది. నా ఫైలులో ఉన్నవి ఏ పరమాణువు ఎక్కడుందన్న అంకెలు మాత్రమే. ఏది దేనితో కలిసిందో అందులో లేదు. సాఫ్ట్‌వేరే దూరాలు కొలిచి, దగ్గరగా ఉన్నవాటి మధ్య ఒక గీత గీసేస్తుంది. ఎక్కడ ద్విబంధం ఉందో దానికి తెలియదు. ఫైలు చివర ద్విబంధమున్న జత పరమాణువుల నంబర్లను రెండుసార్లు రాసి మనమే చెప్పాలి, చెప్పాక చూపించమని ఆజ్ఞ కూడా ఇవ్వాలి. రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. తోకలో, ఆయన వేలు పెట్టిన చోట, రెండు గీతలు పక్కపక్కన వచ్చాయి.

ఆయన్ని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక్కొక్క కార్బన్ లెక్కపెట్టుకున్నారు. సరిపోయిందండి అన్నారు. ఆ రోజు మీరు చెప్పిందే నిజమని మెల్లగా అన్నాను.

"ఆ మాట పిల్లలకి చెప్పండమ్మా. నా బొమ్మలన్నీ తప్పనుకుంటున్నారు వాళ్ళు."

చెబుదామనే వెళ్ళాను. మర్నాడు క్లాసులో బొమ్మ చూపించి, మాట నాలుక చివరిదాకా వచ్చాక, అప్పుడు చూపించినప్పుడు ఇందులో చిన్న లోపం ఉంది, సరిచేశాను అన్నాను. ఎవరు పట్టుకున్నారో చెప్పలేదు. టెస్ట్‌ట్యూబుల స్టాండు పట్టుకుని ఆయన గుమ్మంలోనే ఉన్నారు. విని, లోపలికి వెళ్ళిపోయారు.

తరవాత మాటలు కలిశాయి గాని, పచ్చడి రాలేదు, కూతురి కబుర్లూ రాలేదు. రెండేళ్ళకు ఆయన రిటైరైన రోజు సభలో మైకు ముందు జరిగినదంతా చెప్పాను, తప్పు నాదని ఒప్పుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. గేటు దాకా సాగనంపుతుంటే ఆయన ఆగారు.

"బాగా చెప్పారండి. ఆ పిల్లలుండగా చెప్పి ఉంటే ఇంకా బాగుండేదండి."

కోపం లేదు ఆ గొంతులో. ఆ బ్యాచి అప్పటికే పరీక్షలు రాసి తలోదారిన వెళ్ళిపోయింది. ఆయన పిడుగురాళ్ళలో టీచరుగా చేరిన కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన చనిపోయిన సంగతి నాకు నెల తరవాత ఎవరో చెబితే తెలిసింది.

ఇప్పుడు నన్ను అందరూ గౌరవంగానే చూస్తారు. కిందటి నెల దాచేపల్లి దగ్గర ఒక బడిలో సైన్సు పండగకు ముఖ్య అతిథిగా పిలిచారు. సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుందని చెప్పబోయి, ప్రాణవాయువు వస్తుందని చెప్పేశాను. చుట్టూ సున్నపు బట్టీలున్న ఊరి పిల్లలు, వాళ్ళ మాస్టార్లు, అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. శాలువా కప్పి, కారు దాకా వచ్చి, చాలా బాగా చెప్పారు మేడమ్ అన్నారు. తప్పు నాకు తెలిసింది ఇంటికి వచ్చి దీపం వేశాకే. ఎవరికైనా ఫోను చేసి చెబుదామనుకున్నాను గాని, కాదండీ మీరు పొరబడ్డారు అని నాతో అనగలిగిన మనిషి నంబరు ఒక్కటీ గుర్తుకు రాలేదు.