పాట ఆగాక మిగిలిన మోత

ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టిన వాళ్ళెవరైనా ముందు అడిగే మాట ఒకటే. "గోడలకి ఇన్ని పరుపులెందుకండీ?" రికార్డు చేసిన పాటలకి మెరుగులు దిద్దే మిక్సింగాయన నవ్వి ఊరుకునేవాడు. జవాబు ఆయన భార్య చెప్పేది. "మా ఇంట్లో మనుషులు పడుకునేది చాప మీద, గోడలు పడుకునేది పరుపుల మీద."

ఆ పరుపులున్నది గదిలో మోతని మింగెయ్యడానికి. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు కాసేపు గోడల మధ్య తిరుగుతుంది కదా, దాన్నే ఆ పనిలో వాళ్ళు రివర్బ్ అంటారు. ఒక కేక వేసి ఊరుకుంటే అదే కేక వెనకనుంచి మళ్ళీ వస్తే అది డిలే. ఈయన ముందు గదిలో మోతన్నదే లేకుండా చేసి, తర్వాత కంప్యూటర్లో ఎంత కావాలో అంత మోత పాటకి కలిపేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడకి ఇది అంతుపట్టేది కాదు.

"ఉన్నదాన్ని తీసెయ్యడమెందుకు, మళ్ళీ పెట్టడమెందుకు?"

"ఉప్పు లేకుండా వండి తినేటప్పుడు వేసుకుంటే ఎవరికెంత కావాలో తెలుస్తుంది."

"అలా వండిన కూర నాలుగు రోజులు తిని అప్పుడు చెప్పండి."

ఆయన చేతికొచ్చే పాటలు మెత్తటివి కావు. మెటల్ బ్యాండ్ల పాటలు. గిటార్లు ఇనుముని రంపంతో కోస్తున్నట్టు, డ్రమ్స్ రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు, వాటి మీద ఒకడెవడో గొంతు చించుకుంటూ ఉంటాడు. పైవాటాలో ఉండే పెద్దావిడ ఓసారి మెట్లు దిగొచ్చి, "ఏమ్మా, మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"బాగానే ఉన్నారు పిన్నిగారూ. అది పాట."

"పాటా!" ఆవిడ గుమ్మం పట్టుకుని కాసేపు వింది. "మరి ఎవరూ ఆపరేం?"

ఆపడంలోనే ఉంది ఆయన పనితనమంతా. అలాంటి పాటల్లో అందరూ పూనకం వచ్చినట్టు వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారిగా టక్కున ఆగిపోతారు. రెప్పపాటు ఏమీ ఉండదు. మళ్ళీ అందరూ కలిసి మీద పడతారు. ఆ రెప్పపాటులో మోత ఎక్కువ మిగిలితే పాట బురదైపోతుంది. అసలు మిగలకపోతే కరెంటు పోయినట్టుంటుంది. ఈయన మోతలోంచి అడుగున ఉండే గుమ్మనే శబ్దం మొత్తం కోసేసి, కేక ముందుండి దాని మోత వెంట్రుకవాసి వెనక వచ్చేలా చూసి, మిగిలిన తోక తర్వాతి దెబ్బ పడేలోపు చచ్చిపోయేలా కత్తిరించేవాడు. ఆయన చేతిలో పాట ఆగితే డబ్బాకి మూత పెట్టినట్టుంటుందని బ్యాండ్ల వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఎక్కడెక్కడినుంచో ఆ ఆగుడు కోసమే వచ్చేవాళ్ళు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున లేచేసరికి కుడిచెవిలో కీచురాయి కూస్తోంది.

మొదట అది ఇంట్లోదే అనుకున్నాడు. ఫ్రిజ్ ఆపాడు. మీటరు దగ్గర నిలబడి విన్నాడు. స్టూలెక్కి ట్యూబులైటుకి చెవి ఆనించాడు.

"ఏం వెతుకుతున్నారక్కడ?" అంది భార్య.

"ఏంలేదు. ఈ లైటు కీచుమంటోంది."

"అది ఆర్పేసే ఉంది కదండీ."

ఆయన స్టూలు దిగాడు.

ఆ రోజునుంచి ఆయనకి కాలూ చెయ్యీ ఆగలేదు. నిశ్శబ్దంగా ఉంటే చాలు, కీచురాయి పెద్దదయ్యేది. అందుకని చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునేవాడు. అన్నం తింటూ రేడియో పెట్టేవాడు. కుళాయి కింద బకెట్ పెట్టి సన్నగా నీళ్ళు వదిలి కూర్చునేవాడు. భార్య ఏదైనా చెబుతుంటే బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ, మధ్యలో లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చేవాడు. ఎవరికీ చెప్పలేదు. బస్సు నడిపేవాడు నా కళ్ళు మసకలు కమ్ముతున్నాయని ఎక్కినవాళ్ళతో చెప్పుకుంటాడా?

ఆ ఏడే ఆవిడ తల్లి పోయింది. నెలల తరబడి తల్లి మంచం పక్కన కూర్చుని వచ్చిన మనిషి, ఇంటికొచ్చాక మాటలు తగ్గించేసింది. పని చేసుకుంటుంది, అడిగినదానికి చెబుతుంది, మళ్ళీ తన లోకంలో తను. నోరు మెదపడంలేదేమిటని ఈయనకి బెంగ. తను పక్కన కూర్చుంటే చాలు లేచి వెళ్ళిపోతున్నాడేమిటని ఆవిడకి బాధ. ఒకరినొకరు అడగలేదు. అలా ఒక ఇంట్లోనే ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా తిరిగారు.

అప్పుడొచ్చింది ఉరుము వాళ్ళ బ్యాండ్ పని. పాడే కుర్రాణ్ణి అందరూ ఉరుము అనేవాళ్ళు. మైకు పట్టుకుంటే అద్దాలదరాలి, మైకు దించితే పక్కన కూర్చున్నవాడికి కూడా ఏం మాట్లాడుతున్నాడో వినబడదు. డ్రమ్స్ వాయించేవాడు సుత్తి. ఆ పేరు కొట్టుడు చూసి పెట్టారో మాటలు విని పెట్టారో ఎవరికీ తెలీదు. ఏళ్ళ తరబడి కష్టపడి తయారు చేసుకున్న మొదటి ఆల్బమ్ అది. అన్నా అని పిలుచుకునే ఈయన చేతులమీదుగానే బయటికి రావాలని పట్టుబట్టి తెచ్చిచ్చారు.

మొదటి పాట చేసి పంపాడు. సాయంత్రం ఉరుము ఫోన్.

"అన్నా, అంతా బాగుంది. ఆగే చోటే... ఏదో సన్నగా కూస్తోంది."

ఆ కూత ఆయనా విన్నాడు. చక్కగా విన్నాడు. చెవిలో కీచురాయేలే అనుకుని వదిలేశాడు. పాట తెరిచి చూస్తే, డ్రమ్స్ పక్కన మోగే ఇత్తడి తాళాల మీద తను వేసిన రివర్బ్ తోక ఆగే చోట తెగకుండా అలాగే ఉంది.

రెండోసారి ఆ తప్పు జరగకూడదని పట్టుదలకి పోయాడు. పాట ఆపినప్పుడల్లా కూత వినబడుతూనే ఉంది. గొంతు మీద రివర్బ్ తగ్గించాడు, కూత పోలేదు. గిటార్ల మీద డిలే తీసేశాడు, పోలేదు. డ్రమ్స్ మీదున్నదంతా ఒలిచేశాడు. అయినా కూస్తూనే ఉంది. ఏదైతే అదైందని పంపించేశాడు.

ఈసారి సుత్తి ఫోన్ చేశాడు. "అన్నా, నా డ్రమ్స్ అట్టపెట్టెలైపోయాయేంటన్నా? వాయించింది నేనేనా, లేక కొరియర్ వాడు పెట్టెలు విసిరేస్తుంటే రికార్డు చేశామా?"

ఫోన్ ఉరుము అందుకున్నాడు. అతని మాట వినడానికి ఈయన ఫోన్ ఎడమచెవికి మార్చుకోవాల్సొచ్చింది.

"ఆదివారం వస్తాం అన్నా. నీ గదిలోనే కూర్చుని విందాం. అప్పటికీ కుదరకపోతే వేరే చోట చూసుకుంటాం. ఏమీ అనుకోవద్దు."

వేరే చోటికి వెళ్తే ఒక్క ఆల్బమ్‌తో పోదు. ఆయన ఆగుడు చెడిపోయిందన్న మాట బ్యాండ్లన్నిటికీ పాకుతుంది. అది తప్ప ఆయనకి చేతనైన పని ఇంకోటి లేదు.

ఆదివారం ఇంకా దగ్గర పడేసరికి ఆయన కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. ఏది పాటలోదో, ఏది తన తలలోదో తేలడంలేదు. స్క్రీన్ మీద గీతలు చూసి చేద్దామనుకున్నాడు. తోక ఎంత పొడవుందో గీత చెబుతుంది గాని, అది చెవికి తగులుతుందో లేదో గీతకేం తెలుసు? వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసి స్పీకర్లు పెట్టాడు.

కూరగాయలేం తేవాలో అడగడానికి భార్య గుమ్మం దాకా వచ్చింది. అప్పుడే పాట టక్కున ఆగింది. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయి, మళ్ళీ వచ్చింది.

"కుక్కర్ కింద మంట ఆపలేదేమో అనుకున్నా. ఆ కూత మీ పాటలోదా?"

ఆయన కుర్చీతో సహా ఇటు తిరిగాడు. "నీకు వినబడిందా?"

"నాకు చెవుల్లేవా?"

"ఎప్పుడు వినబడింది? పాట నడుస్తుండగానా, ఆగాకా?"

"ఆగాకే. ఎందుకలా చూస్తారు? భయమేస్తోంది."

ఆయన పాట మొత్తం ఆపేశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? ఏమీ లేదు."

ఆయన చెవిలో మాత్రం కూస్తూనే ఉంది. అప్పుడు చెప్పాడు. ట్యూబులైటు దగ్గర్నుంచి అట్టపెట్టెల దాకా, తలొంచుకుని, అంతా చెప్పాడు. అయ్యో అంటుందనుకున్నాడు. ఆవిడకి కోపమొచ్చింది.

"ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతుంటే బల్ల మీద దరువెయ్యడం ఇందుకా? నా ఏడుపుగొట్టు మొహం చూడలేక లేచి వెళ్ళిపోతున్నారనుకున్నాను."

"నువ్వు మాట్లాడ్డం మానేశాకే ఇది మరీ పెద్దదైంది."

"చాల్లెండి! తప్పు ఇప్పుడు నామీదికొచ్చిందా!" అని ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. వెళ్ళి, పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. చెవుల్లో దూది.

"దూది పెట్టుకుంటే నువ్వేం వింటావు, నాకేం చెబుతావు?"

"తీస్తే మీ అరుపులకి నాకూ కీచురాయి వస్తుంది. అప్పుడు పైవాటా పిన్నిగారిని పిలవాలి."

చివరికి ఆవిడ దూది తీసేట్టు, ఆయన స్పీకర్లు తగ్గించేట్టు ఒప్పందమైంది. ఆగే చోట మాత్రమే వేస్తాడు. మోత పూర్తిగా పోగానే ఆవిడ చెయ్యెత్తాలి. ఆయన దాన్నిబట్టి తోక కోస్తాడు. మొదట ఆవిడ చెయ్యి ఎప్పుడు ఎత్తాలో తెలీక తికమక పడింది. తర్వాత కుదురుకుంది. చాలా కుదురుకుంది. స్క్రీన్ మీద గీత సన్నబడి నేలకంటేదాకా ఆవిడ చెయ్యి లేచేది కాదు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి వినేది. ఇంత బాగా వినడం ఎక్కడ నేర్చిందా అనుకున్నాడు.

ఒక చోట ఆవిడ చెయ్యి ఎంతకీ లేవలేదు. గీత అయిపోయింది. ఆయన ఆగాడు, ఇంకా ఆగాడు.

"ఇంకా ఉందా?"

"లేదు. ఎప్పుడో ఆగింది." ఆవిడ కళ్ళు తెరవలేదు. "అమ్మ ఊపిరి కూడా ఇలాగే సన్నబడి సన్నబడి... ఆగిందని డాక్టరు చెప్పాడు. నేను తెల్లారేదాకా వింటూనే కూర్చున్నా. ఇంకొక్కటి వస్తుందేమో అని."

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ బల్ల మీదికి పోయింది, దరువెయ్యడానికి. వెయ్యలేదు. గదిలో చప్పుడు లేదు, పరుపులు అంతా మింగేశాయి, కీచురాయి తలంతా నిండి కూస్తోంది. ఆయన లేవకుండా కూర్చున్నాడు. ఆవిడ ముక్కు చీదుకుని, "ఊఁ, తర్వాతిది వెయ్యండి" అనేదాకా కూర్చున్నాడు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. సుత్తి వస్తూనే, "వదినా, అన్న నన్ను అట్టపెట్టెలు చేశాడు తెలుసా?" అని వంటింటి వైపు కేకేశాడు. ఉరుము స్పీకర్ల మధ్య కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

పాట నడిచింది. ఆగింది. మూత పడ్డట్టు ఆగింది. ఉరుము తలూపాడు. సుత్తి తొడ మీద చరుచుకున్నాడు. మిక్సింగాయనకి ప్రాణం లేచొచ్చింది. ఇక చెప్పక్కర్లేదు, గండం గడిచింది అనుకున్నాడు.

"చివర్లో కేక ఉంది కదన్నా," అన్నాడు ఉరుము మెల్లగా, "దాని డిలే మారుద్దాం. ఒక్కోసారీ కాస్త చీకట్లోకి పోయినట్టు తిరిగి రావాలి. నువ్వు మారుస్తూ ఉండు, ఏది బాగుందో నువ్వే చెప్పు. నీ చెవి మీద నాకు నమ్మకం."

ఆయన మౌస్ పట్టుకున్నాడు. కేక వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వచ్చింది, తర్వాతది కీచురాయిలో కలిసిపోయింది. ఏదో ఒకటి చెప్పేస్తే పోతుంది. ఇది బాగుందంటే వాళ్ళు అవునంటారు. ఒకసారి మార్చాడు, ఇంకోసారి మార్చాడు. ఉరుము కళ్ళు మూసుకుని, నమ్మకంగా, ఎదురుచూస్తున్నాడు. ఆ మూసిన కళ్ళని చూశాక ఆయనవల్ల కాలేదు.

"నాకు వినబడటంలేదురా," అన్నాడు. "చివరి రెండు తిరుగుళ్ళూ నాకు వినబడటంలేదు. చెవి మోగుతోంది. చాలా రోజులైంది."

సుత్తే ముందు నోరు తెరిచాడు. "నాకూ మోగుతుందన్నా. నాది ఈల. నీది?"

"కీచురాయి."

"నయం. దానికి ప్రాణమన్నా ఉంది."

ఉరుము నవ్వలేదు. "అయితే ఇప్పుడు మేం విన్న ఆగుడు ఎవరు చేశారు?"

"చేసింది నేనే. విన్నది మీ వదిన."

ఉరుము లేచి బయటికెళ్ళిపోయాడు. వరండాలో అటూ ఇటూ నడుస్తున్న అడుగుల చప్పుడు. మిక్సింగాయన కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు, వైర్లు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు.

ఉరుము గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. కోపం పూర్తిగా పోలేదని మొహంలోనే తెలుస్తోంది. "ముందే చెప్పాల్సింది అన్నా. వేరేవాళ్ళని చూడమని నిన్ననే ఒకరికి చెప్పొచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటా, కానీ ఈ ఆల్బమ్‌కే. తర్వాతది తర్వాత చూద్దాం. రేపే చెవుల డాక్టర్ దగ్గరికెళ్ళాలి. వదిన వినకుండా ఒక్క పాట కూడా మాకు పంపకూడదు."

"నన్నడక్కుండానే?" అంది లోపల్నుంచి భార్య.

"అడుగుతున్నాం వదినా."

ఆవిడ గుమ్మంలోకొచ్చి ముగ్గురినీ చూసింది. "పొద్దున పని తెమిలాకే. రోజుకి ఒక్క పాటే. అరిచేటప్పుడు తగ్గించాలి. పైవాటా పిన్నిగారికి సంజాయిషీ మీరే చెప్పుకోవాలి."

"నేను చెబుతా వదినా," అన్నాడు సుత్తి.

"నువ్వొద్దు నాయనా. ఆవిడకి వయసైపోయింది."

వాళ్ళు వెళ్ళాక ఆయన రెండో పాట తెరిచాడు. కాలు ఆగకుండా ఊగుతూనే ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. అందులో ఎక్కడెక్కడ ఎంత మోత మిగిలిందో ఆయనకి తెలీదు. ఆవిడకీ ఇంకా తెలీదు.

"వెయ్యనా?"

"ఉండండి," అని ఆవిడ లేచి తలుపేసొచ్చింది. "ఇప్పుడెయ్యండి."