ఎర్ర గుర్తు కుళాయి

దుబాయ్ బతుకులో ఎండాకాలం వస్తే ఇంట్లో కుళాయిలు తలకిందులవుతాయి. మేడ మీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ల కుళాయిలో వేణ్ణీళ్లు వస్తాయి. అందుకని గీజరు కట్టేసి, నీడన ఉన్న దాని నీళ్లను వేణ్ణీళ్ల కోసమని ఉన్న ఎర్ర గుర్తు కుళాయి తిప్పి చన్నీళ్లుగా వాడుకుంటాం. షార్జాలో, అల్ నహ్దాలోని మా ఫ్లాటులోనూ అంతే.

ఆ కరోనా ఎండాకాలంలో మా ఆవిడకు కొవిడ్ వార్డులో నర్సు డ్యూటీ. వారాల తరబడి హోటల్లోనే ఉంచేశారు. ఇంటికొచ్చిన రోజు, ముక్కు మీదా చెంపల మీదా మాస్కు కోసిన గీతలతో బాల్కనీలో కూర్చుంటే నా పాత ఫిల్ము కెమెరాలో రీలంతా ఆమెనే తీశాను. "ఇప్పుడీ మొహం ఎందుకండీ?" అని విసుక్కుంది గానీ లేచి వెళ్లే ఓపిక లేదు.

ఆ నలుపు తెలుపు ఫిల్ము నేనే ఇంట్లో కడుక్కోవాలి. సీసా అడుగున బొమ్మ తేల్చే మందు, డెవలపర్, ఒక్క రీలుకు సరిపడా ఉంది. కెమెరా దుకాణంలో పనిచేసే కడప భాయ్‌ని అడిగితే, "ఖలాస్ అన్నా. మళ్ల ఎప్పుడొస్తాదో మా ముదీర్‌కే తెల్దు" అని మేనేజరు గది వైపు చూపించాడు. ఉన్న కాస్తా ఈ రీలుకే దాచాను. నీళ్ల వేడికి ఫిల్ము మీది పొర ఊడుతుందని భయపడి ఎండలు తగ్గేదాకా ముట్టుకోలేదు.

చలి మొదలైన ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ నీళ్లు కలిపి, వేడి కొలిచి, ఉన్నదంతా ఫిల్ము డబ్బాలో పోసేశాను. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే తర్వాతి మందు కూడా పట్టించి డబ్బా మూత తీసి చూస్తే, ఆమె ఉంది. నెగటివ్‌లో నల్లటి చెంపలు, వాటి మీద తెల్లటి గీతలు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక నీళ్లలో జాడించడమే మిగిలింది. చేతి అలవాటుకొద్దీ ఎర్ర గుర్తు కుళాయి తిప్పి, చల్లటి ధార కింద ఫిల్ము పెట్టి, నడుం వాల్చడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గొట్టంలోని చన్నీళ్లు అయిపోయి కుళాయిలో కాగే నీళ్లు, బాత్రూమంతా ఆవిరి. ఫిల్ము మీది పొర పాల మీద మీగడలా ఊడి జాలీలోకి జారిపోతోంది. చేతిలో మిగిలింది ఉత్త ప్లాస్టిక్.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడిపోయింది. "అయ్యో, చలొచ్చింది కదాని పొద్దున నేనే గీజరు వేశానండీ. మీకు చెప్పనే లేదు." బ్యాగు కింద పెట్టి అంది, "పోనీలెండి. ఆ రోజులు మళ్లీ చూడాలని నాకు లేదు."

నాకుంది, అని అరవాలనిపించింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి.

నేల తుడిచి ముందు గదిలోకి వస్తే, బట్టలైనా మార్చుకోకుండా సోఫాలో నిద్రపోయి ఉంది. ముక్కు మీద ఆ గీత ఇంకా ఉంది. బల్ల మీద కెమెరాలో ఫిల్ము ఉంది, తీస్తే కడగడానికి డెవలపరే లేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆమె లేచేదాకా చూస్తూ కూర్చున్నాను.