రామలక్ష్మి భుజం మీద చెయ్యి

సత్యలక్ష్మికి ఫోను వాడటం సరిగ్గా రాదనీ, ఫొటోలోంచి మనిషిని తీసెయ్యబోయి చెయ్యొకటి మిగిల్చేసిందనీ, అందువల్లే కుక్కుటేశ్వరరావు గారి షష్టిపూర్తి ఫ్లెక్సీ నవ్వులపాలైందనీ మండపేట కొట్ల వీధంతా చెప్పుకుంటోంది. తప్పు. శుద్ధ తప్పు. కొందరైతే ఇంకో మెట్టెక్కి, ఆ ఫోనుకి గాలి సోకిందని కూడా అంటున్నారు. గాలి సోకింది ఫోనుకి కాదు, వాళ్ళ బుర్రలకి. జరిగింది జరిగినట్టు చెప్పుకోకపోతే, ఒక ఆడమనిషి తనంతట తాను నేర్చుకున్న విద్య బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందుకని మొదటినుంచీ చెప్పుకోవాలి.

సత్యలక్ష్మి పచారీ కొట్టు అప్పాజీ గారి భార్య. యాభై దాటింది. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ కొట్టు వెనక గదిలో కూర్చుని చింతపండులో గింజలు తియ్యడం, పప్పులు పొట్లాలు కట్టడం, మధ్యలో లేచి పొయ్యి మీద అన్నం చూసుకోవడం, ఇదే ఆవిడ లోకం. రెండేళ్ళ కిందట అప్పాజీ గారు వాట్సాప్‌లో సరుకుల ఆర్డర్లు పుచ్చుకోవడానికని మంచి ఫోనొకటి కొన్నారు. ఆయనకి అక్షరాలు ఆనక, దాన్ని తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టారు. అదే ఆయన చేసిన మంచిపని. ఆ తరవాత చేసినవన్నీ చెడ్డపనులే.

ఒక మధ్యాహ్నం వెనక గది కిటికీలోంచి ఎండ వచ్చి ఎండుమిరపకాయల గుట్ట మీద పడింది. సత్యలక్ష్మి ఊరికే ఫోనెత్తి ఫొటో నొక్కింది. నొక్కి చూసుకుంటే, రోజూ తుమ్ములు తెప్పించే ఆ గుట్ట నిప్పుల కుంపటిలా మెరుస్తోంది. "ఇది మన మిరపకాయలేనా?" అని తిరగేసి మరగేసి చూసుకుంది. అంతే, పురుగు కుట్టింది.

అప్పట్నుంచీ ఒకటొకటే కనిపెట్టింది. తెర మీద వేలు పెట్టి పైకి జరిపితే వెలుతురు పెరుగుతుందని, నడినెత్తిన ఎండలో తీస్తే మనుషుల కళ్ళు గుంటలు పడతాయని, పొద్దున్నే కాలవగట్టు మీదకెళితే గుర్రపుడెక్క పూలు కూడా పట్టుచీరల్లా పడతాయని. నేర్పినవాళ్ళెవరూ లేరు. అడిగితే ఈ కాలం పిల్లలు మనకి నేర్పుతారా? ఫోను లాక్కుని టకటకా నొక్కేసి, "అయిపోయింది పెద్దమ్మా" అని ఇచ్చేస్తారు. చేసిందేమిటో చెప్పరు. అందుకని వీడియోలు ఆపి ఆపి చూసి తానే నేర్చుకుంది. నోటితో చెబితే ఫోనే తెలుగులో రాసిపెడుతుందని తెలిసిన రోజు మాత్రం, వెనక గదిలో తలుపేసుకుని గంటసేపు దానితో మాట్లాడింది. లోపలికి ఎవరొచ్చారా అని అప్పాజీ గారు తలుపు తట్టారు కూడా.

ఆ రాతలూ ఫొటోలూ కలిపి ఒక బ్లాగు పెట్టుకుంది. పేరు "కొట్టు వెనక కిటికీ". ఆత్రేయపురంలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళినప్పుడు పూతరేకులు తీసే ఆవిడ పక్కన కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఇలా లాగగానే లేచొచ్చే ఆ పలచటి పొరని వెలుతురుకి అడ్డంగా పట్టించి ఫొటో తీసింది. పొరలోంచి ఆవిడ ముఖం కనిపిస్తుంది. దాని కింద ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటూ రాశారు. యానాం నుంచి ఒకావిడైతే, "అక్కా, మా అమ్మ గుర్తొచ్చింది" అని రాసింది.

"యానాం నుంచి మన వీధికి మందు సీసాలు రావడం ఎరుగుదును గానీ, మెచ్చుకోళ్ళు రావడం ఇదే మొదలే," అన్నారు అప్పాజీ గారు.

"మీరెరిగింది అదొక్కటే కదా మరి," అంది సత్యలక్ష్మి.

తరవాత చెరిపే విద్య పట్టుబడింది. అక్కర్లేనిదాని చుట్టూ వేలితో గీత గీస్తే, ఆ యాప్ దాన్ని మాయం చేసి, వెనక ఏముండాలో అదే ఊహించి నింపుతుంది. గోపురానికి అడ్డమొచ్చిన కరెంటు తీగలు తీసింది. కాలవలో తేలే ప్లాస్టిక్ కవర్లు తీసింది. వీధిలో పూలమ్మే చిట్టెమ్మ మొగుడు పోయినప్పుడు గోడకి పెట్టుకోవడానికి ఫొటో లేకపోతే, ఎవరిదో పెళ్ళిలో గుంపులో నిలబడ్డవాణ్ణి వెతికి, చుట్టూ ఉన్నవాళ్ళని తీసేసి, ఒక్కణ్ణీ నిలబెట్టి ఇచ్చింది. చిట్టెమ్మ ఆ ఫొటో చూసి, "బతికుండగా ఇంత తిన్నగా ఎప్పుడూ నిలబళ్ళేదండి," అని ఏడుస్తూ నవ్వింది. ఇక వీధి వీధంతా సత్యలక్ష్మి గుమ్మం ముందే. ఒకరికి మావగారి ఫొటోకి రంగు కావాలి, ఒకరికి మనవడి పుట్టినరోజు బొమ్మ కావాలి. అప్పుడు మాత్రం ఎవరికీ ఆవిడకి ఫోను రాదని తోచలేదు. గుర్తుపెట్టుకోండి ఈ సంగతి.

స్టీలు సామాన్ల కొట్టు కుక్కుటేశ్వరరావు గారు వచ్చింది ఆ పేరు వినే. వీధిలో పెద్దమనిషి, నలుగురూ లేచి నిలబడే మనిషి. సత్యలక్ష్మిని చెల్లెమ్మా అంటారు. ఆయన భార్య రామలక్ష్మి, సత్యలక్ష్మి ఒకళ్ళనొకళ్ళు వదినా అనుకుంటూ ముప్పై ఏళ్ళుగా ఒకే గిన్నెలో కూర పంచుకున్నవాళ్ళు.

"చెల్లెమ్మా, నీతో చిన్న పనుంది," అంటూ ఆయన ఒక ఫొటో చూపించారు. కొడుకు ఉదయ్‌భాస్కర్ పెళ్ళిలో తీసింది. మధ్యలో కుర్చీలో ఆయన తల్లి. ఓ పక్క ఆయన, కొడుకు, కోడలు. రెండో పక్క రామలక్ష్మి. ఆవిడ భుజం మీద చెయ్యేసి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతూ కూతురు హరిచందన.

"మా అమ్మ ఉన్న ఆఖరి ఫొటో ఇది. షష్టిపూర్తి ఫ్లెక్సీకి ఇదే వేయిద్దామని. దీన్ని తీసెయ్యాలి." ఆయన గోరు కూతురి ముఖం మీద ఆనింది. చొక్కా మీద మరక చూపించినట్టు చూపించారు.

హరిచందన పోయినేడు తనతో ఉద్యోగం చేసే అశోక్ అనే అబ్బాయిని కాకినాడలో రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. వేరే కులం. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో ఆ పిల్ల పేరెత్తకూడదు. ఎత్తకూడదన్నది ఆయన. ఆవిడ కాదు.

"తీగలంటే వేరండీ అన్నయ్యగారూ. మనిషి కదా," అంది సత్యలక్ష్మి.

"ఫోనుకి తేడా ఏం తెలుస్తుందమ్మా? గీత గియ్యడమేగా."

ఇంతలో కాటా దగ్గర్నుంచి అప్పాజీ గారు గొంతు కలిపారు. "చేసేస్తుంది బావగారూ, ఎంతలో పని! ఫొటో పంపించండి." చేసేది ఎవరు, మాటిచ్చేది ఎవరు! మొగాళ్ళకి పెళ్ళాం చేతులు కూడా తమ కొట్లో సరుకే.

సత్యలక్ష్మి వెనక గదిలో కూర్చుని హరిచందన చుట్టూ గీత గీసింది. పిల్ల మాయమైంది. పెళ్ళిపందిరి తెర ఏ మడతా లేకుండా ఆ చోటుని నింపేసింది. తల్లి భుజం మీద చెయ్యొక్కటీ మిగిలింది, ఆకుపచ్చ గాజులతో సహా. దాన్ని పెద్దది చేసుకుని దాని చుట్టూ కూడా గీసింది. అదీ పోయింది. చీర అంచు కూడా అతుకు తెలియకుండా కుదిరింది. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు.

అప్పుడు చూసింది రామలక్ష్మిని. ఫొటోలో ఆవిడ కూతురి వేపు తల వాల్చి నవ్వుతోంది. కూతురు లేదు, చెయ్యి లేదు. తల మటుకు అలాగే వాలి ఉంది. ఉత్త తెరని చూసి నవ్వుతున్నట్టుంది, మతి తప్పినదానిలా.

సత్యలక్ష్మికి ఈ ఏడాదిగా రామలక్ష్మి కొట్టుకొచ్చి, గవ్వలు చేద్దామని అలవాటుగా మైదాపిండి అడిగి, పొట్లం చేతిలోకి తీసుకున్నాక, "వద్దులే వదినా, తినేవాళ్ళెవరున్నారు," అని బల్ల మీద పెట్టేసి వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. ఆ మనిషి ఇంట్లో ఏడవడానికి లేదు. ఇప్పుడు ఊరందరి ముందూ గాలిని చూసి నవ్వుతూ నిలబడాలా? అదీ ఎవరి చేతులమీదుగా? తన చేతులమీదుగానా!

వెనక్కి తిప్పే బాణం గుర్తు నొక్కింది. చెయ్యి తిరిగొచ్చి భుజం మీద కూర్చుంది. అలాగే పంపించేసింది.

ఇక్కడే అసలు వింత. కుక్కుటేశ్వరరావు గారు అచ్చుకి పంపేముందు ఆ ఫొటో చూసుకున్నారు. ఏం చూశారు? తన ముఖం, తన తల్లి ముఖం. "బ్రహ్మాండం" అన్నారు. ఉదయ్‌భాస్కర్ చూశాడు. తన జుట్టు చూసుకున్నాడు. ఫ్లెక్సీ కొట్టువాడు అక్షరాలు చూసుకున్నాడు. ఇంటి ఇల్లాలి భుజం మీద ఏముందో ఒక్క మగాడి కంటా పడలేదు. ఆ ఇల్లాలికి చూపిద్దామని ఎవరికీ తట్టనేలేదు.

ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర నిలబెట్టాక మాత్రం ఆ చెయ్యి చాటంత ఉంది. కారు దిగిన మొదటి ఆడమనిషే పట్టేసింది.

"ఏవండోయ్, రామలక్ష్మి గారి భుజమ్మీద ఆ చెయ్యెవరిదండీ?"

"గాజులు చూడు, ఆకుపచ్చ గాజులు. ఇంకెవరివి? ఆ పిల్లవే!"

"పిల్లని రానివ్వలేదు గానీ, చెయ్యి మటుకు ముందే వచ్చేసిందమ్మా!"

కిసుకిసలు మొదలయ్యాయి. ఉదయ్‌భాస్కర్ పరుగెత్తుకొచ్చి, ఏం చెయ్యాలో తోచక, మండపం స్తంభానికి చుట్టిన బంతిపూల దండ ఒకటి పీకి ఆ చెయ్యి కప్పేట్టు తల్లి బొమ్మ మీద వేలాడేశాడు. వేసి ఇటు తిరిగాడో లేదో, కుక్కుటేశ్వరరావు గారి అక్కగారు గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఒరే అప్రాచ్యుడా! బతికున్న ముత్తయిదువ ఫొటోకి దండేస్తావా? మీ నాన్న షష్టిపూర్తి నాడు మీ అమ్మకి తద్దినం పెడతావుట్రా! తియ్యి, తియ్యి ముందు!"

"చెయ్యి కనపడుతుంది అత్తా!"

"కనపడనీ! చెయ్యి కనపడితే పరువే పోతుంది. దండుంటే మనిషే పోతుంది!"

దండ తీసేశారు. ఫ్లెక్సీ పీకేద్దామంటే, ముహూర్తం ముందు శుభకార్యం బోర్డు దింపకూడదని పురోహితుడు అడ్డం. దాంతో ఆ చెయ్యి రోజంతా అక్కడే ఉంది. పెళ్ళికూతురి ముస్తాబులో ఉన్న రామలక్ష్మి, చుట్టాలొచ్చారేమో చూసొస్తానని మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. చుట్టాలు అప్పటికే భోజనాల్లో ఉన్నారు.

ఇక ఆ మర్నాటినుంచీ మొదలైంది ఈ పుకారు. పుట్టించింది పరాయివాళ్ళు కాదు, స్వయానా అప్పాజీ గారు. "ఆడది, తెలీక చేసిందండీ. ఫోన్లో ఏదో పొరపాటు," అని ఆయనే గడప గడపకీ చెప్పొచ్చారు. పెళ్ళాన్ని కాపాడుతున్నాననుకున్నారు పాపం. వీధి దాన్ని అందుకుంది. మొన్నటిదాకా రంగుల ఫొటోలు చేయించుకున్న నోళ్ళే, "వదినా, మా ఆయన పొట్ట తీసెయ్యవూ? కాళ్ళు మటుకు మిగల్చు తల్లీ!" అని వెక్కిరించడం మొదలెట్టాయి. సిగ్గుండాలి.

"తెలియక జరిగిందని నువ్వూ ఒక్క మాట అనేసెయ్యి. నీ సొమ్మేం పోయింది?" అన్నారు అప్పాజీ గారు.

"నా సొమ్మే పోయేది. నాకంటూ ఈ ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. పొట్లాలు కట్టడం మీ విద్య, అన్నం వండటం మీ అమ్మగారి విద్య. ఇదొక్కటే నేను నేర్చుకున్నది. దాన్ని రాదనమంటారా?"

"మరి కావాలనే చేశానంటావా? వాళ్ళింటికీ మనింటికీ రాకపోకలు తెగిపోతాయే! ఆవిణ్ణి మళ్ళీ మన గడప తొక్కనిస్తాడా ఆయన?"

ఆ మాటతో సత్యలక్ష్మి లెక్క చూసుకుంది. రాదంటే తన విద్య పోతుంది. వచ్చంటే రామలక్ష్మి పోతుంది. కిటికీ దగ్గర ఎండ మిరపకాయల మీద పడుతూనే ఉంది గానీ, ఆ రోజుల్లో ఆవిడ ఒక్క ఫొటో తియ్యలేదు, బ్లాగులో ఒక్క ముక్క రాయలేదు. ఎవరేమన్నా పళ్ళు బిగించుకుని చింతపండు పిసికింది.

చివరికి కుక్కుటేశ్వరరావు గారే వచ్చారు. సాయంత్రం బేరాల వేళ, కొట్టు నిండా జనం. రామలక్ష్మి ఆయన వెనకే వచ్చి మెట్ల కింద ఆగిపోయింది. చిట్టెమ్మ పూలు కట్టడం ఆపి చూస్తోంది.

"చెల్లెమ్మా, అందరూ తలో మాటా అంటున్నారు. నాకు నీ నోటితో కావాలి," అన్నారాయన. గొంతులో మర్యాద ఉంది గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ చెయ్యి తియ్యడం రాక మిగిలిందా, కావాలని మిగిల్చావా?"

కాటా వెనక నుంచి అప్పాజీ గారు తల అడ్డంగా ఊపుతున్నారు, వద్దు వద్దని. సత్యలక్ష్మి చేతులకంటిన చింతపండు కొంగుకి తుడుచుకుని వచ్చి ఆయనకెదురుగా నిలబడింది.

"ఎందుకు రాదండీ అన్నయ్యగారూ? తీశాను. శుభ్రంగా తీశాను. తీసి, మళ్ళీ నేనే పెట్టాను. అమ్మాయి మీకు అక్కర్లేదంటే అది మీ ఇష్టం, మీ ఫొటో. కానీ ఆ భుజం మీది కాదండీ, మా వదినది. దాని మీద ఎవరి చెయ్యి ఉండాలో, ఎవరిది ఉండకూడదో మీరెప్పుడైనా ఆవిణ్ణి అడిగారా? అదిగో, మెట్ల దగ్గరే ఉంది. ఇప్పుడడగండి. తీసెయ్యమని ఆవిడ తన నోటితో అంటే, ఇక్కడే, మీ అందరి ముందే తీసేస్తాను."